నీలం తొట్టి పందెం

నూలుకు రంగులద్దే కార్ఖానాలో ఏ తొట్టి దగ్గర నిలబడినవాడు ఆ రంగు మనిషే. పచ్చ తొట్టివాడు చీదితే పచ్చగా వస్తుంది, నీలం తొట్టివాడి దిండు గలీబు నీలంగా మారుతుంది. చేతి తొడుగులంటారా, అవి తనిఖీవాళ్లు వచ్చిన రోజు పుట్టి, వాళ్ల కారు గేటు దాటగానే కాలం చేస్తాయి. అందుకే ఒక ఉదయం మూత్రం ఎర్రగా వచ్చినా ఎర్ర తొట్టి మేస్త్రి కంగారుపడలేదు. ముక్కులోంచి పోయేది కిందినుంచి పోతోంది, అంతేగా అనుకున్నాడు. నొప్పి కూడా లేదు మరి. నొప్పిలేని జబ్బును జబ్బని ఒప్పుకునే తీరిక అక్కడ ఎవడికీ లేదు.

మళ్లీ మళ్లీ వస్తుంటే బావమరిది చెవిన వేశాడు. నీలం తొట్టి అతనిదే. ఆసుపత్రికి పోదామన్నాడతను. మేస్త్రికి ఆసుపత్రి మాటెత్తితే ఒళ్లు మంట. గొట్టంతో లోపలికి దూరి చూస్తారట, ఆ దారిలో పరాయివాడికి పనేమిటని అతని వాదన. పైగా ఇంట్లో ఆవిడకు తెలిస్తే కార్ఖానా మాన్పించి మంచానికి కట్టేస్తుంది.

"ఒరేయ్, వారం పాటు నీ తొట్టి నాకివ్వు. నీలంగా వస్తే అది రంగే, నువ్వు నోరు మూసుకోవాలి. ఎర్రగానే వస్తే నీ వెంట వస్తా. మీసం కూడా తీసేస్తా" అన్నాడు.

వారం తిరిగేసరికి గోళ్లు నీలం, చెవులు నీలం, పళ్ల సందులు నీలం. రోజూ దొడ్డి తలుపు బయట నిలబడి బావమరిది ఏ రంగని అడిగేవాడు. లోపల్నుంచి దగ్గు వినబడేది. చివరికి కాస్త ఊదాకు తిరిగిందని మేస్త్రి బొంకాడు. ఎరుపులో ఛాయలన్నీ విడదీసి చెప్పే కన్ను అతనిది. ఈ ఎరుపు తన తొట్టిలో ఏనాడూ కలిపింది కాదని మొదటిరోజే తెలుసు.

ఆ బొంకు మొహం మీదే కనబడుతుంటే బావమరిది తిన్నగా అక్క దగ్గరికి పోయాడు. తెల్లారి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

గొట్టం వేశారు, మూత్రాశయంలో గడ్డ కనబడింది, గీకి తీశారు. అది తొందర మీదున్న రకమైతే మూత్రాశయం మొత్తం తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ ఆవిడ గదిలో కూర్చున్నారు.

ఆవిడ తీసిన గడ్డ ముక్క బొమ్మను తెర మీద చూపించి విడమరిచింది. కణం రెండుగా చీలాలంటే ఒక వరస ఉంటుందట. కానిమ్మనే ప్రొటీన్లు కొన్ని, ఆగమనేవి కొన్ని. ఆగమనేవి పట్టు తప్పితే కణాలు చీలి చీలి గడ్డ కడతాయి, దాని నుంచే నెత్తురు. చీలే పనిలో ఉన్న కణాల్లోనే ఉండే ప్రొటీన్ ఒకటుంది. ముక్కకు రంగు వేస్తే ఆ కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి, మిగతావి నీలంగా ఉండిపోతాయి.

మీదీ అద్దకమేనన్నమాట అని మేస్త్రి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నూలు కట్టలో రంగు పట్టని పోగు కనబడితే పనివాళ్ల ఏడు తరాలనూ తిట్టే మనిషి, ఇప్పుడు రంగు పట్టని చోట్ల కోసమే ఆశగా వెతుకుతున్నాడు.

"పెద్దగా పట్టలేదు కదమ్మా?" అని అడిగాడు.

"ఎక్కడో ఒక చుక్క. నెమ్మదైన గడ్డే. మూత్రాశయం జోలికి పోనక్కర్లేదు. కాకపోతే మూడు నెలలకోసారి గొట్టం తప్పదు. తొడుగుల్లేకుండా తొట్టి దగ్గరికి పోకూడదు."

"రంగు పట్టలేదన్న మాట ఈయన నోట తిట్టు లేకుండా రావడం ఇదే చూడ్డం" అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ.

బావమరిది పై పై నవ్వుతో జేబులోంచి కొత్త బ్లేడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి మీసం, బావా?"

మేస్త్రి తెర వైపు వేలు చూపించాడు. గోరు ఇంకా నీలంగానే ఉంది.

"కళ్లు తెరిచి చూడరా. అదంతా ఏ రంగు? నీలం వస్తే నోరు మూసుకోమన్నానా లేదా?"