పోలిరాజు ఇచ్చిన సీసా

దయాసాగర్ తండ్రి సామ్యేలు గారు మిషను స్కూల్లో మేస్టారు. నలభై ఆరో ఏట సుగరుతో పోయారు. కాలి బొటనవేలికి తగిలిన చిన్న దెబ్బ పుండైంది, పాదం నల్లబడింది, మోకాలి దాకా తీసేసినా మనిషి దక్కలేదు. 1978లో దయాసాగర్‌కు నలభై మూడు నిండాయి. నర్సీపట్నం బస్టాండు పక్కన టైలరు షాపులో మిషను తొక్కుతూ, ఇంకా మూడేళ్లేనా అని అతను రోజుకు ఒకసారైనా అనుకునేవాడు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. రెండేళ్ల క్రితం కత్తెర గీసుకున్న వేలు నెల దాటినా మానలేదు. ఊళ్లో చూపించుకుంటే పదిమందికీ తెలుస్తుందని అనకాపల్లి వెళ్లి చూపించుకున్నాడు. అతనికీ సుగరే అన్నారు. బిళ్లలు మింగుతూ, అన్నం తగ్గించి, ఆ సంగతి భార్య ప్రేమజ్యోతికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తను పోతే ప్రేమజ్యోతీ పిల్లలూ ఏమవుతారన్న దిగులుతోనే ఇన్సూరెన్సుకు ఒప్పుకున్నాడు. ఏజెంటు జోగులు షాపులోనే కూర్చుని కాగితం నింపాడు. "జబ్బులేమైనా ఉన్నాయా?" అన్నచోట దయాసాగర్ లేవన్నాడు. అయితే డాక్టరు పరీక్ష ఒకటుంది. "గురువారం పొద్దున్న ఒంటేలు సీసాలో పట్టుకెళ్లండి, సుగరు చూస్తారు," అన్నాడు జోగులు.

దయాసాగర్‌కు వెంటనే పోలిరాజు గుర్తొచ్చాడు.

పోలిరాజుది నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున పల్లె. వారానికి మూడు రోజులు ఎండుచేపల మూటలు బస్సు మీద వేసుకుని నర్సీపట్నం వచ్చి అమ్ముకునేవాడు. వయసులో ఉండగా వేటకెళ్లి వలలు లాగిన చేతులు. జ్వరమొచ్చి పడుకున్నానని అతని నోట ఎవరూ వినలేదు. బస్సు దిగగానే షాపు ముందు బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. చుట్టరికం లేకపోయినా పదేళ్లుగా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు.

గురువారం తొలి బస్సుకు దిగిన పోలిరాజును దయాసాగర్ లోపలికి పిలిచి ఖాళీ సీసా చేతికిచ్చాడు.

"మందుల కంపెనీవాళ్లు ఏ జబ్బూ లేని మనిషి ఒంటేలు కావాలన్నారు బావా. పోల్చి చూసుకోవడానికట," అని అబద్ధం చెప్పాడు.

పోలిరాజు పగలబడి నవ్వాడు. "దీనికింత సిగ్గేటి బావా? ఈ బుడ్డి ఏటి సరిపోద్ది? బిందెట్టుకు రా!"

వీధి చివర ప్రాక్టీసు పెట్టుకున్న ముసలి డాక్టరే ఇన్సూరెన్సు పరీక్షలు చేసేవారు. నాడి చూశారు, బరువు చూశారు, గుండె విన్నారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, సీసాలోంచి ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద పట్టుకున్నారు. దయాసాగర్ ధీమాగానే చూస్తున్నాడు. నీలం కాస్తా ఆకుపచ్చగా మారింది. ఆ తర్వాత పసుపు. చూస్తుండగానే గొట్టం అడుగున కాల్చిన ఇటుక రంగు మడ్డి దిగింది.

డాక్టరు గారు దీపం ఆర్పారు. "రాత్రిళ్లు దాహమేస్తుందా? లేస్తుంటావా?"

దయాసాగర్‌కు అనకాపల్లిలో చూసినప్పుడు ఎప్పుడూ ఇంత లేదే, ఒక్కసారిగా ఇంత పెరిగిందా అని భయం వేసింది. సీసా తనది కాదన్న సంగతి కాసేపటికి గానీ తట్టలేదు.

"ఇన్సూరెన్సు మాట అటుంచు. ఇంత సుగరు పెట్టుకుని మందు లేకుండా తిరిగితే నాలుగైదేళ్లలో కళ్లో, మూత్రపిండాలో, గుండో ఏదో ఒకటి దెబ్బతింటుంది. రేపొచ్చి మందు రాయించుకో," అన్నారాయన.

షాపుకు తిరిగొచ్చి దయాసాగర్ కొలతల పుస్తకం తీశాడు. పోలిరాజుకు చొక్కా కుట్టిన ప్రతిసారీ రాసుకున్నవి. నాలుగేళ్ల క్రితం ఛాతీ నలభై రెండు. నిరుడు నలభై ఒకటి. మొన్న వేసవిలో ముప్పై తొమ్మిది. టేపు పట్టింది తనే, అంకె వేసింది తనే. ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. చెంబెడు నీళ్లు తాగి మళ్లీ అడిగే పోలిరాజును, మాట మధ్యలో లేచి గోడ పక్కకు పోయే పోలిరాజును ఎన్నిసార్లు చూశాడు!

చెప్పాలంటే అబద్ధం బయటపడుతుంది. తన జబ్బూ బయటపడుతుంది. చెప్పకపోతే? శనివారం పోలిరాజు వచ్చి కబుర్లు చెప్పి వెళ్లాడు. దయాసాగర్ నోరు విప్పలేదు. సోమవారమూ అంతే. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ప్రేమజ్యోతికి అంతా చెప్పాడు.

ఆమె తిట్టలేదు. "మామయ్య గారికి, పోవడానికి మూడేళ్ల ముందు, ఎవరైనా ఇలా చెప్పుంటే ఎలా ఉండేదో ఆలోచించండి," అంది.

గురువారం పోలిరాజు బల్ల మీద కూర్చోగానే దయాసాగర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పోలిరాజు మొదట నవ్వాడు. ఇది వేళాకోళం కాదని తెలిశాక ముఖం ఎర్రబడింది.

"నీ రోగం నాకంటగడతావేటి? ఆ బుడ్డీలో నీ మందుల మడ్డుంటాది. నాకు సుగరేటి? సెయ్యి సూడు, ఇది రోగమున్నోడి సెయ్యేనా?"

"సీసా వేణ్నీళ్లతో కడిగాను బావా. ఒక్కసారి పరీక్ష..."

"అబద్దమాడి ఉచ్చ పట్టుకెల్లినోడివి, ఇప్పుడు నిజమాడతన్నావని నానెలా నమ్మీది?"

మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు వారాలు షాపు ముందు నుంచే పోయినా తలతిప్పి చూడలేదు.

మూడో వారం అతని భార్య చిలకమ్మ బస్సు దిగి నేరుగా షాపుకొచ్చింది. వెనకాల పోలిరాజు, తప్పుచేసి దొరికిన పిల్లాడిలా.

"అన్నయ్యా, నువ్వు సెప్పిన మాట ఈయన ఇంటికొచ్చి సెప్పి నిన్ను తిట్టినాడు. నాకు గుండె గుబేలుమంది. ఏడాదై పెరట్లో ఈయన ఒంటేలికి కూకున్న కాడల్లా సీమలు బారులు కడతన్నాయి. నానేదో అనుకున్నాను. బేగి డాటరు గారి కాడికి తీస్కెల్లు."

ముగ్గురూ వెళ్లారు. చిలకమ్మ బయట అరుగు మీదే ఆగింది. గొట్టంలో మళ్లీ అదే ఇటుక రంగు. దయాసాగర్ చేతులు కట్టుకుని, మొదటి సీసా ఎవరిదో డాక్టరు గారికి ఒప్పుకున్నాడు. ఆయన ఇన్సూరెన్సు కాగితం సొరుగులోంచి తీసి నిలువునా చింపేశారు.

"ఈ మోసం నా సంతకంతో వెళ్లేది," అన్నారు. ఆ తర్వాత కుర్చీ చూపించారు. "ఇద్దరూ కూర్చోండి. ఇద్దరికీ రాస్తాను."

పోలిరాజుకు ఇప్పుడు భయం పట్టుకుంది. మొండి మనిషికి భయం పుడితే అదీ మొండిగానే ఉంటుంది. అన్నం మానేశాడు. ఒక బిళ్ల వేసుకోమంటే రెండు వేసుకున్నాడు. పది రోజులు తిరక్కముందే మార్కెట్లో ఎండుచేపల మధ్య కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు, మాట ముద్ద, చూపు ఎటో ఉంది. తాగి పడిపోయాడని కొందరు, గాలి సోకిందని కొందరు. ఎవరో చెబితే దయాసాగర్ పరుగెత్తుకొచ్చాడు. చూడగానే అర్థమైంది. అనకాపల్లి డాక్టరు చెప్పినప్పటి నుంచి జేబులో ఉంచుకుంటున్న పంచదార పొట్లం విప్పి, పోలిరాజును లేపి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నోట్లో వేశాడు.

"సుగరోడికి పంచదార పెడతావేటయ్యా, సంపుతావేటి?" అని కేకేసింది పక్కనున్న చేపలమ్మే కాసులమ్మ.

"ఇప్పుడు తగ్గిపోయింది పిన్నీ. తగ్గినా ప్రాణం పోతుంది," అన్నాడు దయాసాగర్. "నాకు తెలుసు. నాకూ ఉంది సుగరు."

మార్కెట్టంతా విన్నది. రెండేళ్లు దాచిన మాట అంత తేలిగ్గా నోటి నుంచి వచ్చేసరికి అతనికే వింతగా అనిపించింది. కాసేపటికి పోలిరాజు కళ్లు తిప్పి చూశాడు. "బావా, నోరంతా తియ్యగుందేటి?" అన్నాడు. దయాసాగర్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ సాయంత్రం డాక్టరు గారు ఇద్దరికీ చీవాట్లు పెట్టారు. "పెరిగితే మెల్లగా చంపుతుంది, మరీ తగ్గితే గంటల్లో చంపుతుంది. వేళకు తినండి, చెప్పినంతే మింగండి. అంతకంటే గొప్ప వైద్యం నా దగ్గర లేదు."

అప్పటి నుంచి నెలకోసారి ఇద్దరూ కలిసే వెళ్లేవారు. ఇన్సూరెన్సు రాలేదు. ప్రేమజ్యోతి మిషను పాఠశాలలో కుట్టుపని నేర్పడానికి చేరింది. సుగరున్న టైలరని ఎవరూ దయాసాగర్ షాపు మానలేదు. పైగా కాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయని ఒకరు, దాహమని ఒకరు వచ్చి అడిగేవారు. డాక్టరు గారి ఇల్లు చూపించేవాడు. నలభై ఆరో ఏడు వచ్చింది, వెళ్లింది. అది దాటిన రోజున ప్రేమజ్యోతి ప్రార్థనలో కాస్త ఎక్కువసేపు మోకాళ్ల మీద ఉంది.

పోలిరాజు 1986 శ్రావణంలో పోయాడు. మధ్యాహ్నం వల బాగుచేస్తూ గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడట. సుగరు వల్లనే అని కొందరన్నారు. డాక్టరు గారు మాత్రం కొంత అదీ, కొంత చుట్టా, కొంత వయసూ అన్నారు. అవన్నీ విడదీసి చెప్పడం తన చేత కాదన్నారు.

పదకొండో రోజున దయాసాగర్ పల్లెకు వెళ్లాడు. మగవాళ్లతో పాటు కూర్చుని భోజనం చేశాడు. బయల్దేరబోతూ చిలకమ్మ దగ్గర ఆగాడు. ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్నది అడగాలనిపించింది.

"చెల్లెమ్మా, ఆ రోజు సీసా ఎందుకడిగానో బావ నీతో ఎప్పుడైనా చెప్పాడా? అతని బాగు కోసం కాదు. నా మోసం కోసం."

"మొదటి రోజే సెప్పినాడన్నయ్యా. తిట్టినాడు, కోపం తగ్గినాక నవ్వినాడు కూడా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వెందుకడిగినావో నాకేటి? మా చిన్నదాని పెళ్లి సూసినాడు. మనవణ్ణి ఎత్తుకున్నాడు. ఇంకొన్నేళ్లుంటే బాగున్ను. లేడు. ఏటి సేస్తాం?"

దయాసాగర్ చెప్పులు వేసుకున్నాడు.

"మా పెద్దోడు ఎర్రన్నకి ముప్పై దాటినాయి. ఈ మజ్జన నీల్లు మరీ తాగుతన్నాడు," అంది చిలకమ్మ. "మంగళవారం బస్సెక్కిస్తాను. దింపుకుంటావా?"

"తొలి బస్సుకే పంపు. బస్టాండులో ఉంటాను," అన్నాడు దయాసాగర్.