మంచు పెద్ద మంచం దిగిన రోజు

గెర్లోఫ్ లాంటి మనిషి పడితే మంచు మీద పడాలి. అలా పడి ఉంటే ఊళ్ళో నాలుగు రోజులు గౌరవంగా చెప్పుకునేవారు. కానీ ఆయన పడింది సొంత ఇంట్లో, నేలమాళిగ మెట్ల మీద, ఉల్లిపాయల బుట్టతో సహా. తుంటి ఎముక విరిగింది. "ఇన్నేళ్ళూ ఊరందరినీ పడకుండా కాపాడి, చివరికి ఉల్లిపాయల కోసం పడ్డావు కదయ్యా" అని అంబులెన్సులో భార్య హింకె దెప్పితే, అంత నొప్పిలోనూ నవ్వాడు. ఆ తర్వాత ఆమెకి ఆ నవ్వు కనబడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషే వెనక్కి రాలేదు. కళ్ళు తెరిచాడు గానీ ఎవరినీ పోల్చుకోలేదు. మంచం దిగమంటే వణికిపోయాడు. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా గావుకేకలు పెట్టాడు. నర్సు మారిట్ మందులు పట్టుకుని దగ్గరికొస్తే, చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజి మంచం మీదికి లాగేశాడు. పాపం, ఆ పిల్ల మణికట్టు వాచింది. ఆ సాయంత్రమే ఆయనకి హాలోపెరిడాల్ అనే మందు ఇచ్చారు, కొద్ది మోతాదులోనే.

మర్నాడు హింకె చక్కెర రొట్టె సంచీతో గదిలోకి వెళ్ళేసరికి కేకలు లేవు. కేకలే కాదు, ఏమీ లేదు. మొహంలో కదలిక లేదు, చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. రొట్టె ముక్క నోట్లో పెడితే నమలడం మరిచిపోయి అలాగే ఉంచుకున్నాడు. హింకె ఆ ముక్కని వేలితో తీసేసి, ఆయన గడ్డం తుడిచి, బయటికి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చింది.

డాక్టర్ తైస్ అటుగా వస్తూ చూశాడు. మనవడి వయసువాడు, తల ద్వారబంధానికి తగిలేంత పొడుగు.

"ఏం చేశారు బాబూ మా ఆయన్ని? అరిచే మనిషిని అప్పజెప్పి వెళితే బొమ్మని చేసి పెట్టారు."

తైస్ ఆమెని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చున్నాడు. "దీన్ని డెలిరియం అంటామమ్మా. వయసు, ఆపరేషన్, మత్తు, పైగా మూత్రంలో ఇన్ఫెక్షన్. అన్నీ కలిసి మతి తప్పించాయి."

"జ్వరంలో సన్నిపాతం కమ్మినట్టా?"

"అదే. నిన్నటి మందు దాన్ని నయం చెయ్యదు. ఇన్ఫెక్షన్ తగ్గాక ఒళ్ళే మతిని తెచ్చుకోవాలి. మరీ బెదిరిపోయి తనకో ఎదుటివాళ్ళకో దెబ్బ తగిలించేలా ఉంటే, ఆ కాసేపూ గట్టెక్కడానికి ఇస్తాం. ఈయనకి ఆ కొంచెమే ఎక్కువైంది."

"అయితే ఇంక ఇవ్వకండి."

"నాకూ ఇవ్వాలని లేదు. కానీ మళ్ళీ ఎవరినైనా లాగితే? ఆ ఊపులో కిందపడితే? ఇంకోటమ్మా, ఆయన లేచి నడవాలి. ఇలాగే పడుకుంటే నిమ్ము చేరుతుంది, కాళ్ళు పడిపోతాయి. అప్పుడిక ఇంటికి పంపలేం." తైస్ ఆమె వైపు తిరిగాడు. "మందు రేపటికి దిగిపోతుంది. రేపు మీరు దగ్గరుండండి. కళ్ళజోడు, చెవి మిషను తెచ్చి పెట్టండి. ఆయన్ని ఏదో భయపెడుతోంది. అదేమిటో మాకు తెలియడం లేదు."

ఇంటికి పంపలేం అన్న మాట దగ్గరే హింకె మనసు ఆగిపోయింది. వంటింట్లో ఆయన కుర్చీ, కిటికీ పక్కన ఆయన బూట్లు గుర్తొచ్చాయి. ఆయన్ని ఆ ఇంటికి తీసుకెళ్ళడం తప్ప ఆమెకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

మర్నాడు కళ్ళజోడు పెట్టింది, చెవి మిషను తగిలించింది. మందు దిగింది. ఆయన కళ్ళు కదిలాయి గానీ ఆమెని పోల్చుకోలేదు. అయినా హింకె కుట్టుపని తీసి కబుర్లు చెబుతూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక చలికాలపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడింది. అప్పుడే తడిగుడ్డతో తుడిచిన నేల తళతళా మెరిసింది. అదే సమయానికి మారిట్ సూప్ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆగు!" అని అరిచాడు గెర్లోఫ్. చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి నిటారుగా, వేళ్ళు దగ్గరగా.

"ఏం లేదు తాతగారూ, ఇది ఆసుపత్రి. చూడండి, ఎంత గట్టిగా ఉందో!" అంటూ మారిట్ నేలని కాలితో తట్టింది. ఆయన గొంతు చించుకుని అరుస్తూ మంచం మీంచి ముందుకి వంగాడు.

హింకె ఆ అరచేతినే చూస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి చలికాలం చూసిన చెయ్యి అది. గెర్లోఫ్ ఆ ఊరి మంచు పెద్ద. కాలువ గడ్డకట్టాక దాని మీద జారడానికి జనాన్ని ఎప్పుడు రానివ్వాలో, ఎప్పుడు పొమ్మనాలో చెప్పేది ఆయనే. ఆ చెయ్యి లేస్తే ఊరి మేయరైనా గట్టు మీద ఆగాల్సిందే. ఆఖరి మనిషి మంచు దిగేదాకా మంచు పెద్ద కూర్చోకూడదు. ఇక్కడేమో పొద్దస్తమానం ఎవరో ఒకరు ఆ నేల మీద నడుస్తూనే ఉన్నారు.

"అమ్మాయ్, గోడ దగ్గరికి జరుగు, అదే గట్టు! గోడకున్న కడ్డీ పట్టుకో."

"ఎందుకమ్మా?"

"ఆయన ఆవేళ నిన్ను కొట్టడానికి లాగలేదే. మునిగిపోతున్నావని లాగాడు."

మారిట్ తన మణికట్టు వైపు చూసుకుంది. గోడకి అతుక్కుని, పక్కకి అడుగులేసుకుంటూ వచ్చి గిన్నె బల్ల మీద పెట్టింది.

ఏం కాదు, గట్టిగానే ఉందిలే అని ప్రతి ఏడూ తాగొచ్చిన కుర్రాళ్ళు గెర్లోఫ్‌కి చెప్పేవారు. ఆయన వాళ్ళ మాట ఎన్నడూ విన్నది లేదు. ఇప్పుడు ఆసుపత్రి అంతా అదే చెబితే వింటాడా? హింకె ఆయన వైపు వంగింది.

"మందం ఎంతుంది?"

ఆయన చటుక్కున తిరిగి చూశాడు. ఇన్నాళ్ళకి బుద్ధున్న మనిషి ఒకరు దొరికారన్నట్టుంది ఆ చూపు.

"రెండు వేళ్ళు కూడా లేదు. పైన మెరుపే, కింద అంతా నీళ్ళు."

"అయితే మూసేద్దాం."

"జెండా ఏదీ?"

కాలువ మూసిన రోజున గట్టు మీది పాక గుంజకి ఎర్ర జెండా ఎగరాలి. హింకె మెడలోని ఎర్ర ఉన్ని మఫ్లర్ తీసి, గోడ వెంటే నడిచి, తలుపు పిడికి కట్టింది. మారిట్ కిటికీ తెర లాగింది.

"అందరూ దిగారా?"

"దిగారు."

"మరి ఆ పొడుగువాడో?"

కేకలు విని పరిగెత్తుకొచ్చిన డాక్టర్ తైస్ గది మధ్యలో నిలబడి ఉన్నాడు. "గోడ వెంట, బాబూ, గోడ వెంట!" అంది హింకె. అంత మనిషీ బుద్ధిగా కడ్డీ పట్టుకుని ఎండ్రకాయలా పక్కకి నడుస్తుంటే మారిట్ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గెర్లోఫ్ గదంతా కలయజూశాడు. నేల మీద ఎవరూ లేరు. నిట్టూర్చి దిండుకి ఆనుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన తనంతట తాను దిండుకి ఆనుకోవడం అదే మొదలు.

"నువ్వూ గట్టెక్కమ్మా" అన్నాడు హింకెతో. "మా ఆవిడ అక్కడే ఉంటుంది. బఠాణీ సూప్ పోస్తుంది."

హింకె గోడ వెంటే వచ్చి సూప్ గిన్నె అందుకుంది. ఆ గట్టు మీదే ఆమెకి పాత అలక. ఊరంతా మంచు మీద ఆడుతుంటే తను గరిటె పట్టుకుని గట్టున నిలబడేది. అందరి తర్వాత గానీ ఆయన చెయ్యి ఊపి పిలిచేవాడు కాదు. "మంచు పెద్ద పెళ్ళానికి మర్యాద ఇదా" అని ఎన్నిసార్లు సాధించినా ఆయన నోరు విప్పలేదు.

"మీ ఆవిణ్ణి మంచు మీదికి రానివ్వరా?" అని అడిగింది.

"ఆఖర్న రానిస్తాను. ముందు నేను నడిచి చూస్తాను. తర్వాత కమిటీలో ఆ బొజ్జలవాళ్ళు. ఆ తర్వాత ఊరు. ఇంతమంది తొక్కినా విరగలేదంటే, అప్పుడు ఆవిడ." గొంతు తగ్గించాడు. "ఎవరితో అనకు. పక్షపాతం అంటారు."

"అనను" అంది హింకె. కన్నీళ్ళు సూప్‌లో పడుతున్నా చూసుకోకుండా తినిపించింది. ఆయన గిన్నెడూ తిని, గురకపెట్టి నిద్రపోయాడు.

ఆ రాత్రి మందు అవసరం పడలేదు. మర్నాటి రాత్రి పడింది. కాలువలో ఎవరో పిల్ల మునిగిందని ఏడుస్తూ వణికిపోతుంటే ఏ మాటా పని చెయ్యలేదు. ఇవ్వకపోతేనే నిర్దయ అనిపించి, "సగమే ఇవ్వండి బాబూ" అని హింకే చెప్పింది. తైస్ సగమే ఇచ్చాడు. ఆమె ఆయన చెయ్యి వదల్లేదు. మిగతా రోజుల్లో ఇంజెక్షన్లు ఇన్ఫెక్షన్‌ని తగ్గించాయి, వార్డు మొత్తం గోడ వెంట నడిచింది.

ఆదివారం పొద్దున మబ్బుపట్టింది. హింకె వచ్చేసరికి గెర్లోఫ్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వాకర్ చట్రం, పక్కనే మారిట్. తైస్ హింకె వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"అక్కడే ఆగండి" అన్నాడు గెర్లోఫ్.

అందరూ ఆగిపోయారు. ఆయన చట్రంతో నేలని ఓ చోట కొట్టి విన్నాడు, ఇంకో చోట కొట్టి విన్నాడు. పళ్ళు బిగించి లేచాడు. కుడికాలు మోపాడు, ఎడమకాలు ఈడ్చాడు. మారిట్ చేతులు చాచి పక్కనే నడిచింది గానీ ముట్టుకోలేదు. ఆయన అలాగే తలుపుదాకా వచ్చి, పిడికున్న మఫ్లర్ విప్పి, హింకె మెడకి చుట్టాడు.

తైస్ లోపలికి అడుగు వెయ్యబోయాడు. గెర్లోఫ్ అరచెయ్యి లేచింది.

"నువ్వాగవయ్యా."

"ఇంకా పల్చగానే ఉందా?" అని హింకె మెల్లగా అడిగింది.

ఆయన కళ్ళజోడు మీంచి ఆమెని చూసి నవ్వాడు. అంబులెన్సులో చూసిన నవ్వే.

"పల్చనేమిటే, నీ మొహం! ఆసుపత్రి నేల ఎక్కడైనా విరుగుతుందా?" అని పక్కకి తప్పుకుని దారిచ్చాడు. "రా హింకె. ఈసారి ముందు నువ్వు."