రెండో సంతకం

ఆ పిల్లల వార్డులో పెద్ద సిస్టర్ అంటే అందరికీ హడల్. ఒకప్పుడు అక్కడ జలుబు ఛాతీలోకి దిగి పిల్లికూతలు వస్తున్న ప్రతి పసిబిడ్డకీ నెబులైజర్‌తో ఆవిరిలా పీల్పించే మందు పెట్టేవారు. ఆ వయసులో ఆ జబ్బుకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని డాక్టరమ్మ తేల్చాక, మాన్పించే పని పెద్ద సిస్టర్ నెత్తినేసుకుంది. ముక్కు శుభ్రం చెయ్యండి, పాలు కొంచెం కొంచెంగా పట్టండి, కనిపెట్టుకుని ఉండండి అని ఒకటే పోరు.

ఇలాంటి ఉత్సాహాలు మూణ్ణాళ్ళ ముచ్చటని ఆవిడకి తెలుసు. అందుకే ఒక రూలు పెట్టింది. మందు కావాలన్న సిస్టర్ కారణం కాగితం మీద రాయాలి. ఇంకో సిస్టర్ బిడ్డని స్వయంగా చూసి సంతకం పెడితేనే అలమారా తెరవాలి. భయమేసిందన్నది కారణం కిందికి రాదని తనే గోడమీద రాసి అంటించింది. మూడేళ్ళయినా ఆ రూలు సడలలేదు.

అంతలో ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడింది. ఆవిడ నాలుగు నెలల మనవరాలే పిల్లికూతలతో వార్డుకొచ్చింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, మందు అక్కర్లేదు, చూస్తూ ఉందామని చెప్పి రౌండ్లకి వెళ్ళింది. ఆ మాటే పెద్ద సిస్టర్ వెయ్యిమంది తల్లులకి చెప్పి ఉంటుంది. ఇప్పుడు మాత్రం చెవికెక్కలేదు. పాప డొక్కలు ఎగరేస్తుంటే పైప్రాణాలు పైనే పోయాయి.

"ఊళ్ళో పిల్లల సంగతి నాకొద్దమ్మా," అంది కూతురు ఏడుస్తూ. "నా పిల్లకి మందు పెట్టు."

పెద్ద సిస్టర్ కాగితం తీసి, పరిస్థితి విషమం అని గిలికి, అప్పుడు డ్యూటీలో ఉన్న బక్క సిస్టర్ ముందు పెట్టింది. రెండేళ్ళ క్రితం ఇలాంటి కాగితమే తెచ్చినందుకు ఆ సిస్టర్ని అందరి ముందూ కడిగేసింది ఈవిడే. బక్క సిస్టర్ కాగితం చదివి, మంచం దగ్గరకెళ్ళి, నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టి వచ్చింది.

"పాప పాలు తాగుతోంది మేడమ్. ఒంట్లో ఆక్సిజన్ తొంభై ఆరు, బాగానే ఉంది. నేను సంతకం పెట్టను."

తన ముందు నోరెత్తే ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందని పెద్ద సిస్టర్ మండిపడింది. డ్యూటీ మార్పిస్తానంది. ఆఖరికి బతిమాలింది కూడా.

"రేపు ఇంకో అమ్మమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పమంటారు?" అంది బక్క సిస్టర్ మెల్లగా.

పెద్ద సిస్టర్ కాగితం ఉండచుట్టి పారేసింది. పాప ముక్కులో చీమిడి లాగే గొట్టం తీసి, తనవల్ల కాక మళ్ళీ కింద పెట్టేసింది. గొట్టం బక్క సిస్టర్ అందుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చి, పాలు తాగి, నిద్రపోయింది. కూతురు మాత్రం రెండ్రోజులపాటు తల్లి మొహం చూడలేదు. మూడోనాడు పాప ఇంటికెళ్ళింది, దగ్గు మాత్రం ఇంకో రెండు వారాలుండి దానంతటదే పోయింది.

పై నెలలో వేరే ఆసుపత్రివాళ్ళు నోటుపుస్తకాలతో దిగారు. మొదట్లో తామూ మందు తగ్గించామనీ, ఆర్నెల్లకే మళ్ళీ మామూలైపోయిందనీ వాపోయారు. మీ దగ్గర మూడేళ్ళు ఎలా నిలబడిందో చెప్పమన్నారు. పెద్ద సిస్టర్ రూలు చెప్పింది, గోడమీది కాగితం చూపించింది, ముక్కు శుభ్రం చేసే పద్ధతీ చూపించింది.

"ఇవన్నీ సరేగానీ," అంది చివర్లో, "ముందు మీ మాట కాదనే మనిషిని ఒకర్ని తయారుచేసుకోండి."

వచ్చినవాళ్ళు హాయిగా నవ్వుకుని, అదొక్కటీ తప్ప మిగతావన్నీ రాసుకున్నారు.