నూలు తక్కువ చదరాలు

మనవరాలికి బొంత కుట్టాలనుకున్నది కుట్టు టీచరు. సాయం చేస్తానంటూ వచ్చి మీద పడింది మాత్రం వియ్యపురాలు, బేకరీ నడిపే మనిషి. తన మెషిన్ కూడా వెంట తెచ్చుకుంది.

చెప్పడానికి పని తేలికే. లేతరంగు చదరం మీద ముదురురంగు చదరం పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, గీతకు అటూ ఇటూ పావంగుళం దూరంలో కుట్టాలి. గీత మీద కోసి విప్పితే రెండు ముక్కలు. ఒక్కొక్కటీ సగం లేత, సగం ముదురు. అలాంటివి అరవై నాలుగు కావాలి. చెరి సగం పంచుకున్నారు.

వియ్యపురాలు నాలుకతో వేలు తడుపుకుని కుట్టు అణిచేది. బిస్కెట్ తిన్న చేత్తోనే గుడ్డ పట్టేది. ఒకసారి తుమ్మొచ్చి, చేతికందిన పేలికతో ముక్కు తుడుచుకుని, దాన్ని మళ్లీ పేలికల్లోకే విసిరింది. టీచరు ఇస్త్రీపెట్టెను ఆవిడ ముందుకు జరిపింది.

"వదినగారూ, ఇస్త్రీపెట్టె ఉందిగా!"

"ఇంతోటిదానికి ఇస్త్రీ ఎందుకండీ, వేలు చాలదూ?"

ఆవిడ వెళ్లాక ఆ ముక్కల్ని ముట్టుకోవడానికే ఒళ్లు జలదరించి, టీచరు వంటింటి పట్టకారుతో పళ్లెంలోకి ఎత్తింది. ఇంత రోత మనిషి కుట్టు సరిగ్గా ఏడుస్తుందా అనుకుని, కొలిచైనా చూడకుండా పన్నెండింటిని ఊడదీసింది. ఏటవాలు అంచులు ఆ లాగుడికి సాగి వంకర్లు తిరిగాయి.

"మీ అత్తగారి పని ఇంతేరా. అంతా నేనే మళ్లీ చెయ్యాలి," అని కొడుక్కి ఫోన్లో చెప్పేసింది కూడా.

తీరా మిగిలిన ఇరవైనీ తనవాటితో జతచేయబోతే అంచులు కలవలేదు. స్కేలు తీసింది. వియ్యపురాలివి అన్నీ మూడున్నర అంగుళాలు, ఒక్క పోగు తేడా లేదు. తనవే అన్నీ నూలు తక్కువ, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పోయిన నెల మెషిన్‌కు గుడ్డను అణిచిపట్టే కొత్త పాదం వేయించి, సూది నుంచి దాని అంచు పావంగుళమేనని నమ్మి కుట్టుకుంటూ పోయింది. ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు "ముందు ఒకటి కుట్టి కొలుచుకోండే" అని పాఠం చెప్పిన మనిషి! తన మీద తనకే పుట్టిన ఏవగింపు ముందు ఆ ఎంగిలి వేలు ఏపాటిది?

మర్నాడు వియ్యపురాలు రాగానే పళ్లెం ముందు పెట్టింది.

"మీవి పన్నెండు పాడు చేశాను వదినగారూ. తప్పు నాది."

"కొలవకుండానే ఊడదీశారా?"

"ఊఁ."

"అబ్బాయికి కూడా చెప్పారట. అమ్మాయి చెప్పింది."

చిన్నవి పెద్దవి కావు కాబట్టి, ఆ సరైన ఇరవైనీ తన తప్పు కొలతకు కుదించడం తప్ప దారి లేదు. టీచరు చాచిన కత్తెరను వియ్యపురాలు అందుకోలేదు.

"మీరే కొయ్యండి. నేను చూస్తాను."

ఒక్కొక్క ముక్కా నూలు చొప్పున కోస్తుంటే టీచరుకు తన వేళ్లంటేనే అసహ్యం వేసింది. పాడైన పన్నెండింటికీ కొత్త గుడ్డ కోసి కుట్టింది. బొంత అంగుళం పొట్టిగా తేలింది. పూర్తయిన రోజున కొడుక్కి మళ్లీ ఫోన్ చేసి, వియ్యపురాలు వింటుండగానే జరిగిందంతా చెప్పింది. వియ్యపురాలు మాత్రం టీ కూడా తాగకుండా మెషిన్ సర్దుకుని వెళ్లిపోయింది.