ఒక గదిలో ఇద్దరు గురువుగార్లు

కొకుబుంజిలో టోఫు కొట్టు పై అంతస్తులో ఉండేది తోవాకో గారి బొమ్మల గది. వారపత్రికలో ఆవిడ మాంగా, అంటే బొమ్మల సీరియల్, వచ్చేది, తర్వాత పుస్తకాలుగా కట్టేవారు. ఆ కథలో ఒక నదికి ఈ ఒడ్డున ఇబుకి, ఆ ఒడ్డున మియో, ఇద్దరూ బాణసంచా చేసే ఇళ్ల ఆడపిల్లలు. తాతల నాటి పగ. ఎదురుపడితే తిట్టుకోకుండా ఉండరు. ముఖాలు తోవాకో గారు గీస్తారు. బట్టల మీద పూలు, నీడలు అచ్చు కాగితాల్లోంచి కత్తిరించి అతికించేది నేను. మధ్యాహ్నం వంట కూడా నాదే. ఆకాశం, పొగ, ఇళ్లు గీసే మనిషి పెళ్లి చేసుకుని సెందాయ్ వెళ్లిపోవడంతో కొత్త మనిషి కోసం వెతుకుతున్నాం.

అప్పుడు ఆ పని నేను చేస్తానంటూ షిగెనో గారి నుంచి ఫోన్ వచ్చింది.

నా ఈడు ఆడవాళ్లలో ఆవిడ పుస్తకం బడి సంచిలో దాచుకోనిదంటూ లేదు. తోవాకో గారు పందొమ్మిదేళ్లప్పుడు పని నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. "ఒసేయ్ తోవా, సిరా!" "ఒసేయ్ తోవా, అది మనిషి చెయ్యా, ముల్లంగి దుంపా?" అని ఆవిడ వేసిన కేకలు తోవాకో గారు ఇప్పటికీ మురిసిపోతూ చెప్పేవారు. తర్వాత షిగెనో గారు గీసే పత్రిక మూతపడింది. భర్త మంచాన పడ్డాడు. ఆయన పోయేదాకా ఆవిడ కలం ముట్టలేదు. మళ్లీ ముట్టుకునేసరికి ఆవిడ పేరు చెబితే "ఎవరండీ?" అనే ఎడిటర్లు వచ్చేశారు.

అంతటి మనిషి మా గుమ్మంలో నిలబడి, నడుం వంచి, "గురువుగారూ, ఈరోజు నుంచి మీ దగ్గర పని చేస్తాను. తప్పులుంటే దిద్దండి" అంది.

తోవాకో గారు కంగారుపడి, "అయ్యో గురువుగారూ, అంత మాటనకండి!" అని ఇంకా కిందికి వంగారు. అది చూసి ఆవిడ ఇంకాస్త వంగింది. ముందు ఎవరు లేవాలో ఎవరికీ తెలియలేదు. పొయ్యి మీద కూర మాడుతోందని నేను గట్టిగా అరిస్తే గాని లేవలేదు.

ఆ రోజు నుంచి నేను "గురువుగారూ" అంటే రెండు తలలు తిరిగేవి. కొన్నాళ్లకి వాళ్లిద్దరూ నువ్వూ మీరూ లేని ఒక భాష కనిపెట్టుకున్నారు. "టీ తాగడం అయిందా?" "కిటికీ మూస్తే చలి తగ్గుతుందేమో." "ఈ పేజీ ఎండినట్టే ఉంది." ఎవరు ఎవరితో అంటున్నారో గోడలే తేల్చుకోవాలి.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గాని, పని మాత్రం పాడైపోయింది. షిగెనో గారి పొగ చూస్తే కళ్లు మండుతాయా అనిపిస్తుంది, అంత ప్రాణం ఆ చేతిలో. కానీ అది ముఖాల మీదికి పాకేది. "తగ్గించు" అనాలా, "తగ్గించండి" అనాలా తేలక తోవాకో గారు నోరు మూసుకునేవారు. తోవాకో గారు రాసే మాటల్లో పస తగ్గిపోతోందని షిగెనో గారికి తెలుస్తూనే ఉంది. పొగ గీసేదానికి మాటలతో ఏం పనని ఆవిడా మూసుకునేది. ప్రతి వారం పాఠకులు వేసే ఓట్లలో మా కథ మెట్లు దిగడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఎడిటర్ హమురా వచ్చాడు. ముప్పై నిండని కుర్రాడు, మంచివాడే.

"తోవాకో గారూ, ఈసారి ఓట్లు పెరక్కపోతే ఐదో పుస్తకంతో ముగించెయ్యమంటున్నారు మా పెద్దాయన" అన్నాడు తల గోక్కుంటూ.

వచ్చే వారం కథ ఇది. నది పొంగి మియో మందుగుండంతా తడిసిపోయింది. తెల్లవారితే బాణసంచా పోటీల పండగ. ఇబుకి వంతెన దాటి మొదటిసారి పగవాళ్ల గుమ్మం ముందు నిలబడుతుంది.

"ఇన్నాళ్లూ 'ఒసేయ్', 'మసిమొహమా' అనే పిలిచింది కదా," అన్నాడు హమురా. "ఇప్పుడు ఒట్టి పేరు పెట్టి పిలిపిద్దాం. 'మియో!' అంతే. ముందు తిట్టు లేదు, వెనక 'గారు' లేదు. కళ్లనిండా నీళ్లు. పాఠకులు ఏడ్చి చస్తారు చూడండి."

తోవాకో గారు సరేనన్నారు. అలాగే గీశారు. ఆ పేజీ వాన గీయడానికి షిగెనో గారి బల్ల మీదికి వెళ్లింది.

కాసేపు కలం గీరుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"ఒసేయ్ తోవా!"

నా చేతిలో కత్తెర కింద పడింది. తోవాకో గారు కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడ్డారు.

"ఇదేం పిలుపే? ఎవడు చెప్పాడు నీకు?"

"హమురా గారు..."

"హమురాకేం తెలుసు? ప్రతి పత్రికలోనూ ఇదే గోల. చివరికొచ్చేసరికి ఒట్టి పేర్లతో పిలుచుకుని కావలించుకుని ఏడవడం. ఈ పిల్ల ఇన్ని పుస్తకాలుగా దాన్ని ఒసేయ్ అంటూనే ఉందే! ఇంక కిందికి ఎక్కడికి దిగుతుంది? సాయం చేస్తానని వచ్చింది పగదాని ఇంటికి. అవతలి దానికి ముష్టి వేసినట్టు ఉండకూడదు. అప్పుడు ఏమని పిలవాలి?"

తోవాకో గారు ఆ బొమ్మ గడి మీదికి వంగి, ఇబుకి మాటలు పెదవులతో చదువుకున్నారు.

"మీరు అనాలి."

"మరి నువ్వు రాసిందేమిటి?"

అంతే, తోవాకో గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "రాశాను, తప్పే! మరి మీ పొగ మాటేంటి? వచ్చిన దగ్గర్నుంచీ నా పిల్లల మొహాలు కనబడనిస్తే ఒట్టు! ఇబుకి ముక్కు ఎలా ఉంటుందో పాఠకులు మర్చిపోయారు!"

"చెప్పి ఏడవచ్చుగా!"

"ఎలా చెప్పను? మీరు పొద్దున లేస్తే నన్ను గురువుగారూ, గురువుగారూ అంటుంటే!"

"గురువ్వి కాక మరేంటే మొద్దూ! కాగితం నీది, కథ నీది. నీ కింద పని చేయడానికే గదా వచ్చాను. నువ్వు తిట్టకపోతే నేనిక్కడ దండగ!"

ఇద్దరూ ఆయాసపడుతూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నేను చూడలేదు, కత్తెర కోసం బల్ల కింద ఉన్నాను. లేచేసరికి షిగెనో గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది.

"ఇలా చేద్దాం" అంది. "బల్ల ముందు కూర్చున్నంతసేపూ నువ్వు గురువ్వి. అన్నానికి లేస్తే మాత్రం నేను ఒసేయ్ అంటాను. నాకు అలవాటు పోదు."

"సరే షిగెనో గారూ" అన్నారు తోవాకో గారు. ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు. వెంటనే కుర్చీలో కూర్చుని, "ఇక్కడ వాన సగానికి తగ్గించండి" అన్నారు.

"చిత్తం గురువుగారూ" అంది షిగెనో గారు, సంతోషంగా.

హమురా ఒప్పుకోలేదు. "'మీరు' అంటే దూరం పెట్టినట్టుంటుందండీ. చలిగా ఉంటుంది."

"ఓట్లు రాకపోతే ఐదో పుస్తకంతో ముగించెయ్యండి, నేను ఒక్క మాట అడగను" అన్నారు తోవాకో గారు. "ఈ మాట మాత్రం మార్చను."

అచ్చులో ఆ పేజీలో వాన సన్నగా పడుతోంది, ముఖాలు తేటగా ఉన్నాయి. ఇబుకి తలకు కట్టిన గుడ్డ విప్పి, బురదలో మోకాళ్ల మీద కూర్చుంది. "మియో గారూ, నా గిడ్డంగి తలుపులు తీసే ఉంచాను. మీకు ఎంత మందు కావాలంటే అంత తీసుకోండి. మీ బాణసంచా లేని పండగలో నాకు గెలవాలని లేదు." కింది గడిలో మియో గుమ్మం దిగి వానలోకి వచ్చింది. పేజీ తిప్పితే మియో కూడా బురదలో మోకరిల్లి ఉంది. "లోపలికి రండి, ఇబుకి గారూ." కన్నీళ్లు ఎవరికీ గీయలేదు.

పత్రిక వచ్చిన వారంలోనే హమురా ఫోన్ చేశాడు. ఏమంటున్నాడో మొదట అర్థం కాలేదు, అంత అరుస్తున్నాడు. "మొదటి స్థానం! మొదటి స్థానమండీ! రైల్లో ఇద్దరు బడిపిల్లలు 'లోపలికి రండి' అని ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకుంటున్నారు, నా కళ్లతో చూశాను!" కథ ముగించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పత్రిక పెద్దలు అభినందించడానికి పిలిచినప్పుడు తోవాకో గారు వాళ్ల ముందు నిలబడి, "ఆ మాట నాది కాదు, షిగెనో గారిది. ఆవిడ చేత మీరెందుకు కథ గీయించరు?" అని అడిగేశారు. హమురా వాళ్ల పెద్దాయన, పాపం, చిన్నప్పుడు వాళ్లక్క దగ్గర దొంగిలించి షిగెనో గారి పుస్తకాలు చదివిన బాపతట. అక్కడికక్కడే ఒప్పుకున్నాడు.

వసంతంలో షిగెనో గారి కొత్త కథ రంగుల పేజీలతో పత్రిక మొదట్లోనే వచ్చింది. పుస్తకంగా వచ్చినప్పుడు తాచికావాలో ఒక పుస్తకాల షాపులో ఆవిడని సంతకాలకి కూర్చోబెట్టారు. ఎవరూ రారని పొద్దుటి నుంచీ గొణుగుతూనే ఉంది. మేం వెళ్లేసరికి వరస మెట్ల మీదుగా దిగి రోడ్డు మీదికి పోయింది. అందరూ నా ఈడు వాళ్లే, కొందరు కూతుళ్లని వెంట తెచ్చారు. ఒకావిడ బల్ల దగ్గరికి వచ్చి, చేతులతో ముఖం కప్పుకుంది. షిగెనో గారు లేచి ఆవిడ భుజం తట్టి, "ఎక్కడున్నావమ్మా ఇన్నాళ్లూ?" అంది.

సాయంత్రానికి షిగెనో గారి వేళ్లు ముడుచుకుపోయాయి. అయినా చివరి పుస్తకం దాకా సంతకం చేసి, కలం మూత పెట్టి, "పదండి, కాల్చిన మలుగు చేప తిందాం" అని మా అందరికంటే ముందు మెట్లు దిగింది.