మైసమ్మ గీసిన గీత

తొర్రూరు మైదానంలో కబడ్డీ పోటీలున్న నాడు మైసమ్మ పొద్దున్నే సున్నం బకెట్టు పట్టుకొని వస్తుంది. రెండు మేకులకు దారం బిగించి, దాని వెంట పొడిసున్నం జారవిడుస్తూ నడిగీత గీస్తుంది. ఆ గీత మధ్యాహ్నానికి ఉన్నచోట ఉండదు. చూడవచ్చినవారు ఎవరి గెలుపును గట్టిగా కోరుకొంటే వారికి అనుకూలంగా బెత్తెడో జానెడో జరుగుతుంది. జరిగిన జాడ మట్టిలో మిగలదు. తొర్రూరువారికి ఇది ఎండావానల వంటి సంగతి. తగాదా వస్తే గీత గీసిన మనిషి మాటే తీర్పని వారు ఏనాడో కట్టుబాటు చేసుకొన్నారు.

ఆ ఆదివారం చివరి ఆట తొర్రూరుకూ గంగారానికీ పడింది. గంగారం జట్టులో అమర్‌సింగ్ ఉన్నాడు. మూడేళ్ల క్రితం నిషిద్ధమైన సూదిమందు వేసుకొని ఆడి పట్టుబడ్డవాడు. శిక్షాకాలం ముగించుకొని తిరిగి వచ్చినవాడు. గెలిచిన జట్టులో కూతకు వెళ్లే ఆటగాడికి రాష్ట్ర శిబిరంలో చోటు దొరుకుతుంది. ఈ ఏడు తప్పితే అతనికి వయసు దాటిపోతుంది.

ఉదయమే అధికారులు అతని మూత్రాన్ని సీసాలో పట్టించి, ముద్ర వేసి పంపించారు. ఫలితం రావడానికి వారం పడుతుంది. జనం వారం ఆగుతారా?

"కండలు జూడు. అన్నం తిన్న కండలేనా అవి?" అన్నాడు బట్టల దుకాణపు చంద్రమోహన్, బజ్జీ నములుతూ.

"మన యుగేందర్ గూడ గట్లనే ఉబ్బిండు గదనే, అన్నా!" అంది పక్కనున్న లత.

"మనోనిది కసరత్తు. వానిది సూది."

అందరికన్న మైసమ్మకే అనుమానం ఎక్కువ. అమర్‌సింగ్ సూదిబలంతో ఆడిన ఏడే ఆమె మనుమడు ఉపేందర్ అతని చేతిలో ఓడి, జట్టులో చోటు పోగొట్టుకొన్నాడు. ఇప్పుడు భూపాలపల్లిలో లారీ తోలుతున్నాడు. అమర్‌సింగ్ మంచినీళ్లు తాగినా ఆమె గ్లాసులోకి తొంగి చూసింది.

ఆట సమానంగా సాగి చివరి కూత మిగిలింది. అమర్‌సింగ్ వెళ్లి యుగేందర్‌ను తాకి వెనుదిరిగాడు. యుగేందర్ అతని చీలమండ పట్టి పడవేశాడు. కూత విడువకుండానే అమర్‌సింగ్ బోర్లపడి, నడిగీత మీదికి చేయి చాచాడు. మైదానమంతా ఒక్క గొంతుతో అరిచింది. గీత అతని వేళ్ల కిందనుంచి జానెడు వెనక్కు జరిగింది.

"తగల్లే! తగల్లే!"

"వేళ్లకు సున్నం అంటింది సూడుండ్రి, సార్," అన్నాడు అమర్‌సింగ్, చేయి కదపకుండా.

"ముందుగాలనే రాసుకొని వచ్చిండు!" అని అరిచాడు చంద్రమోహన్. "దొంగకు తొవ్వ జూపాల్నా?"

నిర్ణేత జగన్మోహన్ నోటిలోని ఈల తీశాడు. "అవ్వా, పొద్దుగాల గీత యాడ గీసినవ్?"

"ఉపేందర్‌ను యాది జేసుకో, అవ్వా!" అన్నదొక గొంతు.

మైసమ్మ వచ్చి అమర్‌సింగ్ తలవద్ద నిలబడింది.

"నా పోరని బతుకు తిన్నవు గదరా."

"తిన్న, అవ్వా."

"ఇయ్యాల గూడ ఎక్కిచ్చుకొనే వచ్చినవా?"

"లేదు. నువ్వు నమ్మకున్నా సరే."

"నమ్మ."

ఆమె గీత వంక చూసింది. అతడు ఓడాలని తానూ కోరుకొన్నది. జరిగిన ఆ జానెడులో తన బెత్తెడూ ఉన్నదని ఆమెకు తెలుసు.

"మందు సంగతి సీసా జెప్తది," అంది జగన్మోహన్‌తో. "మీరు నన్ను అడిగింది గీత సంగతి." వంగి, అమర్‌సింగ్ వేళ్ల కింద మట్టిని తాకింది. "గిక్కడ గీసిన."

గీత మెల్లగా, కట్టుకొయ్య వద్దకు దూడ వచ్చినట్లు, అతని చేతి కిందికి తిరిగివచ్చింది. జగన్మోహన్ గంగారం వైపు చేయి ఎత్తాడు.

వారానికి సీసా ఫలితం వచ్చింది. అందులో ఏ మందూ లేదు. అమర్‌సింగ్ శిబిరానికి బస్సెక్కాడు.

"సీసా మార్చిండ్రు," అన్నాడు చంద్రమోహన్, మరో పోటీ నాడు పొద్దున్నే గీత గీస్తున్న మైసమ్మతో. "నువ్వు జూడు, అవ్వా. ఎన్నడన్న దొరుకుతడు."

మైసమ్మ దారం వెంట సున్నం జారవిడుస్తూనే ఉంది. అతడు వెళ్లిపోయాడు. ఖాళీ మైదానంలో ఆమెకూ ఆ అనుమానం రానే వచ్చింది. నిజంగానే మార్చారేమో!

చేతి కింది గీత బెత్తెడు పక్కకు జరిగింది.

మైసమ్మ దానిని కాలితో చెరిపివేసి, దారం మళ్లీ బిగించి, మొదటినుంచి గీయసాగింది.