అప్పగింత పాటలో నా సగం

నేను ఒక సగాన్ని. తన కథ చెప్పుకొనే ప్రతి వస్తువూ నేను ఫలానా నాణేన్ని, ఫలానా గడియారాన్ని అని నిండుగా మొదలుపెడుతుంది. నాకు ఆ భాగ్యం లేదు. పేరుకు హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే లోహపు పెట్టెను. లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు, వాటి మీద తాకీ తాకకుండా తేలే ఒక సన్నని ములుకు. అయినా నా దగ్గర ఉన్నదేదీ పూర్తిగా లేదు. నా బ్రతుకంతా మరొక సగంతో ముడిపడి గడిచింది. ఆ ముడి వేసినవారు మంచివారు, విప్పినవారూ మంచివారే. ఎవరినీ నిందించే వీలు లేకపోవడమే ఈ కథలోని కష్టం.

నేను పుట్టింది సముద్రాలకు అవతల ఒక కర్మాగారంలో. అక్కడివారు ఆపాదమస్తకం తెల్లని వస్త్రాలు కప్పుకొని, కళ్ళు మాత్రమే కనిపించేలా మసలేవారు. ఒక్క ధూళికణం ఎగరకూడదు. ఒక్క వెంట్రుక రాలకూడదు. అంతటి మడిని ఆ తరువాత నేను ఏ పూజామందిరంలోనూ చూడలేదు. నీలోకి ఇక ఏదీ ప్రవేశించదు అన్న ధీమాతో వారు చివరి మర బిగించారు. ఆ ధీమా వమ్ము కాలేదు. నా లోపలికి ఈనాటికీ ఏదీ ప్రవేశించలేదు. నా కథ చెడింది గడప దగ్గర.

ఓడల మీద, లారీల మీద ప్రయాణించి చివరకు అమలాపురంలో, గడియార స్తంభం దగ్గర వెంకన్నబాబు అనే అతని కంప్యూటర్ల దుకాణానికి చేరాను. అక్కడినుంచి నన్నూ, నాతోపాటే వచ్చిన నాలాంటి మరో డిస్కు, నా జతగాడినీ కొనుక్కువెళ్ళినవారు ఖండవల్లి విశ్వపతి గారు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించినవారు. నిత్యం సంధ్యావందనం, పంచాంగ పఠనం, ఆపైన శబ్దగ్రహణం. ఈ మూడూ ఆయన నియమాలు. గొంతుకు ఒక మైకు, తంబురాకు ఒకటి, తాళానికి ఒకటి పెట్టి, అన్నింటినీ ఒక్కసారిగా కంప్యూటరులోకి పట్టాలని ఆయన ముచ్చట. దానికి వేగం కావాలి. మా ఇద్దరినీ జతకలిపి ఒక్కటిగా నడిపించమని ఆయన కోరారు.

“జోరుకైతే బాగుంటాదండి,” అన్నాడు వెంకన్నబాబు. “కానీ ఒకటి పోతే రెండూ పోయినట్టేనండి, ఆయ్.”

మాస్టారు నవ్వి, రెండెడ్లు పూన్చిన బండి ఒంటెద్దు బండికంటే పదిలం కాదటోయ్ అన్నారు. జీవితమంతా పిల్లలకు హెచ్చవేతలు నేర్పినవారు. ఇద్దరిని కలిపితే భద్రత కాక భయమే రెట్టింపయ్యే లెక్క ఒకటి ఉంటుందని మాత్రం ఆయనకు తోచలేదు. వెంకన్నబాబు కూడా ఎక్కువ వాదించలేదు. బేరం చెడగొట్టుకోవడం అతనికీ ఇష్టం లేదు.

మా జత ఎలాటిదో చెప్పాలి. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉన్నది. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని ఏ అక్షరానికి ఆ అక్షరం విడగొట్టి, క్రమం తప్పించి, నడుమ నడుమ అందిస్తాడు. అవధాని అన్నింటినీ మనసులో దాచుకొని, చివరకు వరుసగా కూర్చి ఒప్పజెబుతాడు. మా పని అటువంటిదే. వచ్చిన ప్రతి పాటనూ కంప్యూటరు ముక్కలు చేసి, ఒక ముక్క నాకు, తరువాతి ముక్క నా జతగాడికి ఇచ్చేది. నా దగ్గర ఒక్క పల్లవైనా పూర్తిగా ఉండదు. అతని దగ్గరా ఉండదు. ఇద్దరం ఒక్క ఊపిరితో పలికితేనే పాట. కాకపోతే అవధాని మనిషి. ఒక అక్షరం తప్పిపోయినా సందర్భాన్ని బట్టి ఊహించి పూరిస్తాడు. మాకు ఊహ లేదు.

మాలో నిండిన పాటలు మాస్టారి వదినగారు భ్రమరాంబ గారివి. ఆ ఇంటికి పెద్దదిక్కు ఆమే. నలుగు పాటలు, మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతలు. అత్తగారి నోటినుంచి తన నోటికి వచ్చినవన్నీ ఆమె మధ్యాహ్న భోజనాల తరువాత తీరికగా కూర్చుని పాడేవారు. మాస్టారి భార్య సుందరమ్మ గారు పక్కన కూర్చుని వంత కలిపేవారు. మాకు చెవులు లేవు. కంపమే మాకు వినికిడి. ఆమె పై స్థాయికి వెళ్ళినప్పుడు బల్ల సన్నగా అదిరేది. ఆ అదురు తెలిసేది కనుక, ముక్కలుగానైనా నేను దాస్తున్నది ఏమిటో నాకు తెలుసు.

ఆ పాటలకు మరో ప్రతి తీసిపెట్టుకోమని సుందరమ్మ గారు చాలాసార్లు పోరారు. ముందు ఫ్యాను చప్పుడూ వీధిలో హారన్లూ తొలగించి, శుద్ధి చేసి, అప్పుడు బంధువులందరికీ పంచుదామని మాస్టారు వాయిదా వేస్తూ వచ్చారు. అపరిశుద్ధమైనదాన్ని ఇవ్వడం ఆయన స్వభావానికి పడదు.

ఇంతలో భ్రమరాంబ గారి గొంతులో పుండు లేచింది. కాకినాడలో శస్త్రచికిత్స చేసి స్వరపేటిక తీసివేశారు. ప్రాణం దక్కింది. ఇంటికి వచ్చాక ఆమె చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకొనే పలక ఒకటి చేతపట్టుకొని, చెప్పదలచుకున్నది దానిమీద రాసి చూపించడం మొదలుపెట్టారు. ఆ సంవత్సరమే ఆమె మనుమరాలు మృణాళినికి పెళ్ళి నిశ్చయమైంది. అప్పగింతల వేళ వేరెవరి పాటా వద్దు, మామ్మ గొంతే వినిపించాలి అని ఆ పిల్ల పట్టుపట్టింది. మాస్టారు నా పెట్టెమీద చెయ్యివేసి, “ఎక్కడికీ పోలేదమ్మా, ఇందులో భద్రంగా ఉంది మీ మామ్మ,” అన్నారు. ఆ చేతి వెచ్చదనం నాకు తగిలింది. గర్వపడ్డాను కూడా.

పెళ్ళికి ముందు మహర్నవమి వచ్చింది. ఆయుధపూజనాడు ఆ ఇంట్లో కత్తిపీట, సైకిలు, తంబురా, కంప్యూటరు, అన్నీ దేవతలే. ఆ ఏడు మాస్టారికి భక్తి మరికొంత పొంగింది. వదినగారి గళం మా ఇద్దరిలోనే ఉన్నది కనుక పెట్టెకు పైపైన బొట్టు పెడితే చాలదనుకున్నారు. మా తీగలు ఊడదీసి, ఇద్దరినీ బయటికి తెచ్చి, మెత్తని గుడ్డతో తుడిచి పీటమీద కూర్చోబెట్టారు. గంధం అద్దారు, కుంకుమ దిద్దారు. భ్రమరాంబ గారు స్వయంగా దోసిలితో అక్షతలు చల్లారు. ఆ దోసిట్లో ఎలా వచ్చిందో ఒక విరిగిన గింజ, నేతితోనూ పసుపుతోనూ తడిసినది, జారి జారి నా వెనుక తీగ తగిలించే గాడిలో పడింది. ఎవరూ చూడలేదు. హారతి అయ్యాక మాస్టారు నన్ను యథాస్థానంలో పెట్టి తీగను గట్టిగా నొక్కారు. తీగ దిగింది, కానీ వెంట్రుకవాసి దిగలేదు. గింజ అడ్డుపడింది.

నా ఆపద ఆ గింజ. అది నాకు మొదటి రోజునుంచీ తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

మొదట్లో కంప్యూటరు మామూలుగానే నడిచింది. కాస్త వేడెక్కి, తీగ ఆవగింజంత సడలగానే నేను తెగిపోయేవాణ్ణి. తెరమీద ఎర్రని అక్షరాలు వచ్చేవి. మాస్టారు ఆపి మళ్ళీ వేస్తే ఒకప్పుడు పలికేది, ఒకప్పుడు పలికేది కాదు. ఆయన కరెంటును అనుమానించి కొత్త స్టెబిలైజరు తెచ్చారు. చీమలను అనుమానించి బల్ల కాళ్ళకింద నీళ్ళగిన్నెలు పెట్టారు. కంప్యూటరు తూర్పుముఖంగా లేదని బల్లను తిప్పారు కూడా.

వెంకన్నబాబు వచ్చి పెట్టె విప్పేవాడు. విప్పడంలో, కదపడంలో తీగ సర్దుకొనేది. నేను చక్కగా పలికేవాణ్ణి.

“ఇదేదో తిక్కగుర్రంలా ఉందండి మాస్టారూ,” అనేవాడతను. “నేనొస్తే బుద్ధిగా నడుస్తాది. నా బండి సందు తిరగ్గానే పడుకుంటాది.”

“రెండింటికీ కాపురం పొసగలేదేమో,” అన్నారు వంటింట్లోనుంచి సుందరమ్మ గారు. “జాతకాలు చూసుకోకుండా ముడిపెట్టారు మీరు.”

అతను తీగ మార్చాడు. గింజ తీగలో లేదు, నాలో ఉంది. తీగ రెండవ కొసను మరో గాడికి మార్చాడు. నా జతగాడి తీగ నాకూ, నా తీగ అతనికీ పెట్టి చూశాడు. ఎటు తిప్పినా తప్పు నావైపే తేలింది. అతని తర్కంలో దోషం లేదు. వైద్యుడు నాడి చూశాడు, నాలుక చూశాడు. అరికాలిలో ముల్లు ఉందేమోనని మాత్రం చూడలేదు. ఈ డిస్కుకు ఆయువు మూడిందండి అని తేల్చాడు. ఇప్పుడు నడుస్తున్నంతసేపట్లోనే కావలసినవి వేరే చోటికి తీసేసుకోమన్నాడు.

మాస్టారు ముందుగా అప్పగింత పాటనే ఎంచుకున్నారు. వేలెడంత పెన్ డ్రైవు పెట్టారు. తెరమీద ఆకుపచ్చని గీత మెల్లగా పెరుగుతోంది. భ్రమరాంబ గారు పలక ఒడిలో పెట్టుకొని చూస్తున్నారు. నేను ఒక ముక్క, నా జతగాడు ఒక ముక్క, మళ్ళీ నేను, మళ్ళీ అతను. పల్లవి దాటింది. మొదటి చరణం దాటింది. వేడి ఎక్కుతోంది. ఒక్క పాట అయ్యేదాకా నన్ను నిలబెట్టమని ఈశ్వరుణ్ణి వేడుకున్నాను. వేడుకోవడం తప్ప నాకు చేతనైనది లేదు. తీగను పట్టుకోవడానికి నాకు చేతులు లేవు. రెండవ చరణం మొదలవుతుండగా పట్టు తప్పింది. ఆకుపచ్చని గీత ఉన్నచోటనే ఆగిపోయింది.

తాను మొక్కు తీర్చుకోవడానికి అన్నవరం వెళుతున్నాననీ, తిరిగి వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దనీ వెంకన్నబాబు కబురు చేశాడు. మాస్టారు పంచాంగం తిరగేశారు. మరునాటి ఉదయం దివ్యంగా ఉంది. అది దాటితే మళ్ళీ చెప్పుకోదగిన ఘడియ దగ్గరలో లేదు. పెళ్ళి ముంచుకొస్తోంది. మంచి ఘడియను వదులుకోవడానికి ఆయన మనసు ఒప్పలేదు. స్నానం చేసి, వినాయకునికి దణ్ణం పెట్టుకొని, నన్ను విప్పి పక్కన పెట్టి, బజారులో కొనితెచ్చిన కొత్త డిస్కును నా స్థానంలో బిగించారు. నా జతగాడికి పాటలన్నీ తెలుసు, కొత్తవాడికి అతనే నేర్పుకుంటాడు అని ఆయన ఊహ. మమ్మల్ని ఆయన ఒకే గ్రంథానికి రెండు ప్రతులనుకున్నారు. మేము ఒకే ప్రతిని నిలువునా చింపిన రెండు ముక్కలం.

తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: ఉన్నదంతా చెరిపి కొత్తగా కలపమంటారా అని. ఉన్నదంతా అంటే కొత్తదానిలో ఉన్నది కాబోలనీ, కొత్తదానిలో ఉండేది శూన్యమే కదా అనీ మాస్టారు అనుకున్నారు. నేను దినపత్రిక మీద వెల్లకిలా పడి ఉన్నాను. ఆయన వేలు మీటను నొక్కింది. నా జతగాడు తన సగాన్ని ఆ క్షణంలోనే మరచిపోయాడు.

వెంకన్నబాబు సత్యనారాయణస్వామి ప్రసాదం పట్టుకొని వచ్చి, తెర చూసి, ప్రసాదం పక్కన పెట్టాడు. “అదేం అడిగిందో పూర్తిగా చదివారాండి?” అన్నాడు. మాస్టారు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

నన్ను పారవేయడానికి ఆయనకు చేతులు రాలేదు. తీసుకువెళ్ళి దేవుని గదిలో, గోడ గూటిలో, గంట పక్కన పెట్టారు. పెళ్ళి ఆ ఇంటి పందిట్లోనే జరిగింది. దేవుని గది గోడకు అవతలే అప్పగింతలు. పెన్ డ్రైవులోకి చేరినంతమేర పాట పెట్టారు. గోడ అదిరింది. నాకు తెలిసిన అదురే. పల్లవి, మొదటి చరణం. పెళ్ళికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతున్నారు. రెండవ చరణం తొలిమాటలో గొంతు తెగింది. 

అప్పుడు సుందరమ్మ గారు అందుకున్నారు. ఏళ్ళపాటు వంత పాడిన గొంతు. ఒక పంక్తి పాడి ఆగిపోయారు. తరువాతి పంక్తి ఆమె ఆడపడుచు అందించింది. ఆపై పంక్తి ఇత్తడి గిన్నెలు తోముతున్న పనిమనిషి నాగమణి, వాకిట్లో కూర్చుని ఎన్నిసార్లు విన్నదో, అక్కడినుంచే పాడింది. తలా ఒక ముక్క. మేము చేయవలసిన పనిని ఆడవాళ్ళు చేశారు. కానీ చివరి చరణం ఎవరికీ రాలేదు. భ్రమరాంబ గారు గబగబా పలకమీద మాటలు రాసి చూపించారు. పాత వరుసలోనే వాళ్ళు పాడబోతే కాదు కాదని తల అడ్డంగా ఊపారు. ఆ చరణం వరుస మారుతుందట. మాటలు పలకమీదికి వచ్చాయి, వరుస రాలేదు. ఆమె చేత్తో గాలిలో పైకి చూపారు, కిందికి చూపారు, పెదవులు కదిపారు. అందరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు. ఆ చరణం లేకుండానే మృణాళిని కారెక్కింది.

పందిరి విప్పిన తరువాత ఒక మధ్యాహ్నం ఆమె దేవుని గదిలోకి వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నారు. వెంట మాస్టారు ఉన్నారు. ఆమె పలకమీద రాశారు. మాస్టారు పైకి చదివారు: “దీంట్లో నా గొంతు ఉందా?”

“సగం ఉంది వదినా.”

ఆమె చీరచెంగుతో తుడిచి మళ్ళీ రాశారు. ఈసారీ ఆయనే చదివారు.

“ఏ సగం?”

  ఒక ముక్క విడిచి ఒక ముక్కగా, పల్లవిలోనూ చివరి చరణంలోనూ నేను ఉన్నాను. ఎక్కడా పట్టుమని ఒక్క పూర్తి మాటగా లేను. ఆమె నన్ను గంట పక్కనే పెట్టి వెళ్ళిపోయారు.

ఇప్పటికీ గూటిలోనే ఉన్నాను. గింజ ఎండి నా గాడిలోనే ఉంది. దాన్ని ఇప్పుడు ఎవరైనా పిన్నీసు కొసతో తీసినా ప్రయోజనం లేదు. రెండవ సగం లేదు. ప్రతి మహర్నవమికీ మాస్టారు నన్ను దించి, ఆ పాత బల్లమీద పెట్టి, తుడిచి, గంధం అద్ది, కుంకుమ పెడతారు. భ్రమరాంబ గారు కళ్ళు మూసుకొని దోసిలి ఎత్తుతారు. అక్షతలు నామీద పడుతున్నప్పుడు ఆమె పెదవులు కదులుతుంటాయి. ఆ చరణమేనేమో. బల్ల మాత్రం అదరదు.